కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: రేపు ఏ పనికి గిరాకీ ఉంటుందో చెప్పండి

అయ్యా,

నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెబుతాను. మొన్న అడ్మిషన్లప్పుడు ఒక రైతు కొడుకు పదో తరగతి మెమో ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చాడు. "సార్, ఫిట్టర్‌లో వెయ్యాలా, డీజిల్ మెకానిక్‌లోనా? పదేళ్ల తర్వాత దేనికి పని దొరుకుతుంది?" అని అడిగాడు. ఎలక్ట్రిక్ ఆటోలు ఊళ్లలోకి వచ్చేశాయని ఆ పిల్లాడికీ తెలుసు. నాకు తోచింది చెప్పి పంపాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పిల్లాడి బతుకు నా ఊహ మీద నడవాలా?

2030 వరకు ఏటా దాదాపు 78.5 లక్షల వ్యవసాయేతర ఉద్యోగాలు కావాలని 2023-24 ఆర్థిక సర్వే లెక్కగట్టింది. అవి ఏ రంగంలో, ఏ స్థాయి నైపుణ్యానికి వస్తాయన్నది మాత్రం మా తరగతి గది దాకా రాలేదు. ఎంతమందికి పని ఉంది, ఎంతమందికి లేదు అని లెక్క తీసే పీఎల్ఎఫ్ఎస్ సర్వే ఇప్పుడు నెలనెలా వస్తోంది, సంతోషం. కానీ అది చెప్పేది ఇవాళ్టి సంగతి. అమెరికా కార్మిక గణాంకాల బ్యూరో వందలాది వృత్తులకు పదేళ్ల అంచనా వేసి, ఏటా సవరిస్తుంది. ఏ పనికి ఎంత చదువు కావాలో కూడా పక్కనే ఉంటుంది.

మనకూ పునాది ఉంది. 2015 జాతీయ వృత్తుల వర్గీకరణలో పనులను నైపుణ్యాన్ని బట్టి నాలుగు స్థాయిలుగా విడదీశారు. దాని మీదే రాష్ట్రాలవారీగా పదేళ్ల అంచనాలు వేయించండి, తెలుగులోనూ ఇప్పించండి. వచ్చే అడ్మిషన్లలోపు మొదటి విడతైనా మా నోటీసు బోర్డుకు అంటించుకునేలా చూడండి.

ఇట్లు,
ఒక ఐటీఐ బోధకుడు