సైకియాట్రీ అంటే చిన్నచూపెందుకు?

సంపాదకుల వారికి,

బాగా చదివే వైద్య విద్యార్థి సైకియాట్రీ (మానసిక వైద్యం) తీసుకుంటానంటే ‘నీకేం ఖర్మ?’ అనేవాళ్లు ఇంట్లోనే కాదు, వైద్యుల్లోనూ ఉన్నారు. అదేదో వైద్యం కానట్టు! ఉన్మాదానికి (మేనియాకు) లిథియం అనే మందు పనిచేస్తుందని ఆస్ట్రేలియా మానసిక వైద్యుడు జాన్ కేడ్ 1949లోనే ప్రకటించారు. ఆ మందు ఇవ్వాలంటే రక్తంలో దాని మోతాదు, మూత్రపిండాలు, థైరాయిడ్ పనితీరు గమనిస్తూనే ఉండాలి. థైరాయిడ్ మందగించినా మనిషి కుంగుబాటుకు లోనైనట్టు కనిపించవచ్చు. 2007లో వర్ణించిన ఒక రకం మెదడువాపు మొదట్లో అచ్చం మతిభ్రమణంలాగే ఉంటుంది. గుర్తించి చికిత్స చేస్తే చాలామంది కోలుకుంటారు. శరీరం గురించి క్షుణ్ణంగా తెలియనివారు వీటిని ఎలా పట్టుకోగలరు?

విద్యార్థులు దూరమవడంలో బోధించే మా తప్పూ ఉంది. కొద్దిరోజులు వార్డుకు పంపి, జబ్బు తీవ్రంగా ఉన్నవారినే చూపిస్తాం. కోలుకుని మళ్లీ ఉద్యోగానికి వెళ్తున్న మనిషి వారి కంట పడడు. ఇక ఆసక్తి ఎలా పుడుతుంది? ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క రోగిని అప్పగించి, ఆ రోగి ఒప్పుకుంటే, ఏడాదిపాటు కలుస్తూ ఉండమనాలి. పరీక్షల్లోనూ సైకియాట్రీకి తగిన మార్కులు కేటాయించాలి. మార్కులు లేని పాఠం ఎవరు చదువుతారు?

– ఒక మానసిక వైద్య అధ్యాపకుడు