మంత్రి గారూ, ఆ నూనె ఎక్కడిదో ప్యాకెట్ మీద రాయించండి

గౌరవనీయులైన వాణిజ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అడవుల గురించి రాసే ఉత్తరం అటవీ శాఖకు వెళ్లాలి కదా, నాకెందుకు వచ్చిందని మీకు అనిపించవచ్చు. నేను రాస్తున్నది అమెజాన్, కాంగో, బోర్నియో, సుమత్రా వర్షారణ్యాల గురించి. అక్కడ మన అటవీ అధికారుల మాట చెల్లదు. కానీ అక్కడ అడవి కొట్టి పండించిన సరుకు మన రేవులో దిగుతుంది. ఏ సరుకు ఏ షరతు మీద లోపలికి రావాలో చెప్పగలిగేది మీ శాఖ. అందుకే మీకు రాస్తున్నాను.

కిందటి నెల ఒక సాయంత్రం ఇంట్లో ఉన్న సబ్బు, షాంపూ, బిస్కెట్ ప్యాకెట్, నోటు పుస్తకం టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నాను. వీటిలో ఏదైనా అడవి నరికిన నేల నుంచి వచ్చిందా? తెలుసుకోవాలనుకున్నది అదొక్కటే. సబ్బు రేపర్ మీద 'సోడియం పామేట్' అని ఉంది. అది పామాయిల్‌తో చేసేదని వెతికితే తెలిసింది. బోర్నియో, సుమత్రాల్లో అడవి కొట్టి వేసేది ఆ నూనె తోటలే. షాంపూలోని 'సోడియం లారిల్ సల్ఫేట్'ను పామ్ గింజల నూనెతోనైనా చేయొచ్చు, కొబ్బరి నూనెతోనైనా చేయొచ్చు. ఇది దేనితో చేశారో సీసా మీద లేదు. బిస్కెట్ ప్యాకెట్ మీద 'వెజిటబుల్ ఆయిల్' అన్న రెండు మాటలే ఉన్నాయి. నోటు పుస్తకం మీద అదీ లేదు. ఒక కంపెనీకి ఈమెయిల్ పెట్టాను. పర్యావరణం మీద తమకెంత శ్రద్ధ ఉందో చెబుతూ పెద్ద జవాబే వచ్చింది. నూనె ఏ దేశానిదో మాత్రం అందులో లేదు.

ప్రజలు బాధ్యతగా కొనాలని ప్రతి పర్యావరణ దినోత్సవం నాడూ వింటున్నాం. మాకూ అలాగే కొనాలని ఉంది. కానీ ఇది కళ్లకు గంతలు కట్టి, దారి చూసుకుని నడవమన్నట్టుగా ఉంది.

ఎందుకింత ఆందోళన అంటే, జరుగుతున్న నష్టం చిన్నది కాదు. 2024 ఒక్క ఏడాదిలోనే ఉష్ణమండల దేశాల్లో, అంతకుముందు ఎన్నడూ నరకని ఆదిమ అడవి 67 లక్షల హెక్టార్లు పోయింది. అందులో దాదాపు సగం మంటలకు పోయింది. వర్షారణ్యం ఎప్పుడూ తడిగా ఉంటుంది. మామూలుగా అది దానంతటది అంటుకోదు. పశువుల మేత కోసమో పంట కోసమో చెట్లు కొట్టి, ఎండబెట్టి, మనుషులు నిప్పు పెడతారు. వానలు వెనకబడిన ఏడాది ఆ నిప్పు పక్కనున్న పచ్చని అడవిలోకి పాకుతుంది.

అంత చేసి సంపాదించిన నేలైనా నిలుస్తుందా అంటే, అదీ చాలాచోట్ల లేదు. అంత దట్టమైన అడవి కింద నేల చాలా సారవంతంగా ఉంటుందని నేనూ చాలాకాలం అనుకున్నాను. నిజానికి అమెజాన్‌లో ఎక్కువ భాగం నేల బీద నేల. పోషకాలన్నీ చెట్లలోనూ, రాలి కుళ్లే ఆకుల్లోనూ తిరుగుతుంటాయి. ఆకు రాలగానే కుళ్లి, ఆ సారం మళ్లీ వేరులోకి వెళ్లిపోతుంది. చెట్టు కొట్టి కాల్చేస్తే బూడిద కొన్నాళ్లు పంటకు పనికొస్తుంది. ఆ తర్వాత కుండపోత వానలు ఉన్న సారాన్ని కడిగేస్తాయి. గడ్డి కూడా పలచబడుతుంది. అప్పుడు గొడ్డలి ఇంకో అడవి వైపు కదులుతుంది.

వాన సంగతి మరీ ముఖ్యం. అట్లాంటిక్ మీద నుంచి వచ్చిన తేమ అమెజాన్ మీద వానై కురుస్తుంది. చెట్లు ఆ నీటిని వేళ్లతో తాగి, ఆకులతో మళ్లీ గాలిలోకి వదులుతాయి. అది ఇంకొంచెం పడమరగా వెళ్లి మళ్లీ కురుస్తుంది. ఇలా చేతులు మారుతూ ఆండీస్ పర్వతాల దాకా వెళ్లి, అక్కడి నుంచి దక్షిణానికి తిరిగి, వేల కిలోమీటర్ల దూరంలోని పొలాలకు అందుతుంది. శాస్త్రవేత్తలు వీటిని ఎగిరే నదులు అంటారు. మధ్యలో అడవి తెగిపోతే ఆ గొలుసూ తెగుతుంది. అమెజాన్‌లో 20 నుంచి 25 శాతం అడవి పోతే, మిగిలినది కూడా అడవిగా నిలబడలేకపోవచ్చని థామస్ లవ్‌జాయ్, కార్లోస్ నోబ్రే అనే శాస్త్రవేత్తలు 2018లో హెచ్చరించారు. ఇప్పటికే ఆరో వంతు దాకా పోయింది.

ఈ మాటలు వినగానే పామాయిల్‌ను పూర్తిగా మానేద్దాం అంటారు కొందరు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ దారి సరైనదని నేననుకోను. ఒక హెక్టారులో ఆయిల్ పామ్ ఎంత నూనె ఇస్తుందో, సోయా అందులో చిన్న భాగమే ఇస్తుంది. అందరం ఒక్కసారిగా వేరే నూనెకు మారితే అంతకు ఎన్నో రెట్ల నేల కావాలి. ఆ నేలా ఎక్కడో ఓ అడవిదే కావచ్చు. పాత తోటలో పండిన పామాయిల్ వేరు, నిన్న మొన్న తగలబెట్టిన పీట్ నేలలో, అంటే సగం కుళ్లిన ఆకులు, కొమ్మలు పేరుకున్న చిత్తడి నేలలో పండినది వేరు. ఆ తేడా చూసి కొనే అవకాశం మాకు కావాలి. మొదట నూనె పేరు, తర్వాత అది పుట్టిన చోటు తెలిస్తేనే అది కుదురుతుంది.

ఇవన్నీ జరిగే పనులేనా అని ఎవరైనా అడిగితే బ్రెజిల్‌ను చూడమంటాను. 2004లో బ్రెజిల్ అమెజాన్‌లో 27,772 చదరపు కిలోమీటర్ల అడవి పోయింది. 2012 నాటికి ఏడాది నష్టం 4,571 చదరపు కిలోమీటర్లకు దిగింది. ఉపగ్రహ చిత్రాలతో ఎప్పటికప్పుడు కనిపెట్టి అధికారులను పంపారు. పెద్ద విస్తీర్ణాలను రక్షిత ప్రాంతాలు చేశారు. నిబంధనలు పాటించని భూములకు 2008 నుంచి బ్యాంకు రుణాలు ఆపారు. 2006లో సోయా వ్యాపారులు, కొత్తగా అడవి నరికిన నేలలో పండిన సోయా కొనబోమని ఒప్పందం చేసుకున్నారు. ఆ ఒప్పందం వ్యాపారుల మంచితనంతో పుట్టలేదు. వేల మైళ్ల అవతల, ఆ సోయా తిన్న కోళ్ల మాంసం కొనే మామూలు జనం, ప్రచార సంస్థలు నిలదీస్తే పుట్టింది. తర్వాత పట్టు సడలింది, 2021లో నష్టం మళ్లీ 13 వేల చదరపు కిలోమీటర్లు దాటింది. పట్టు బిగించాక మళ్లీ తగ్గింది. అడవి ఉండటం, పోవడం ప్రభుత్వాల నిర్ణయం మీద ఇంతగా ఆధారపడి ఉంది.

అడవిలో బతికేవాళ్ల మాట కూడా చెప్పాలి. బ్రెజిల్‌లో రబ్బరు పాలు తీసుకుని బతికే చికో మెండిస్, ఆ చెట్లను కొట్టొద్దని తోటి కూలీలను కూడగట్టి, 1988 డిసెంబర్‌లో తన ఇంటి దగ్గరే హత్యకు గురయ్యాడు. ఆయన కోరినట్టు చెట్లు నరక్కుండా రబ్బరు, కాయలు సేకరించుకునే రిజర్వులు తర్వాత ఏర్పడ్డాయి. ఆదివాసుల చేతిలో ఉన్న భూముల్లో నరికివేత తక్కువని ఉపగ్రహ చిత్రాలే చూపిస్తున్నాయి. వాళ్ల నేల లాక్కుని పండించిన సరుకును మనం ఎలా కొంటాం?

నేను అడుగుతున్నది కొత్తదేమీ కాదు. యూరోపియన్ యూనియన్‌లో 2014 డిసెంబర్ నుంచి ఆహార ప్యాకెట్ మీద 'వెజిటబుల్ ఆయిల్' అని వదిలేస్తే చెల్లదు, ఏ నూనో రాయాలి. ముందు ఆ ఒక్క నిబంధన ఇక్కడ కచ్చితంగా అమలయ్యేలా చూడండి, సబ్బులు, షాంపూలకు కూడా వర్తించేలా. ఆ తర్వాత పామాయిల్, సోయా, పశువుల ఉత్పత్తులు, కలప, కోకో, కాఫీ, రబ్బరు దిగుమతి చేసుకునేవాళ్లు అవి ఏ పొలం నుంచి వచ్చాయో చూపించాలి. 2020 తర్వాత నరికిన నేలలో పండినదైతే రానివ్వకూడదని యూరప్ 2023లోనే చట్టం చేసింది. దాని అమలు రెండుసార్లు వాయిదా పడింది. పెద్ద కంపెనీల ఒత్తిడి మీకూ ఉంటుంది. రెండు మూడు ఎకరాల చిన్న రైతు ఈ కాగితాలన్నీ ఎక్కడ తేగలడన్నది మాత్రం న్యాయమైన ప్రశ్నే. ఆ ఖర్చు కొనే కంపెనీ భరించేలా రాయండి. రైతు మీద వేయకండి.

మా వంతు మేం మొదలుపెట్టాం. అమెజాన్‌లో నరికిన నేలలో ఎక్కువ భాగం పశువుల మేతకే పోయింది. ప్రపంచంలో పండే సోయాలో నాలుగింట మూడు వంతులు జంతువుల దాణాకే పోతుంది. అందుకే మా ఇంట్లో మాంసం తగ్గించాం. కొత్త బల్ల కొనకుండా పాతదే బాగుచేయించాం. కాగితం కొనేటప్పుడు, బాధ్యతగా చూసుకునే అడవి కలపతో చేసిందని చెప్పే ఎఫ్‌ఎస్‌సీ గుర్తు ఉందా అని చూస్తున్నాం. మా డిపాజిట్ ఉన్న బ్యాంకును, అడవి నరికే కంపెనీలకు అప్పు ఇస్తున్నారా అని రాతపూర్వకంగా అడిగాం. నలుగురు చదివి నలుగురు అడిగితే వాళ్లూ జవాబు వెతుక్కుంటారు.

ఆ బిస్కెట్ ప్యాకెట్ రేపర్‌ను ఈ లేఖకు జత చేస్తున్నాను. 'వెజిటబుల్ ఆయిల్' అన్న చోట ఎర్ర పెన్నుతో గీత గీశాను. ఆ నూనె ఏ దేశంలో, ఏ నేలలో పండిందో మీ శాఖ దగ్గర ఎక్కడైనా రాసి ఉంటే నాకు తెలియజేయండి. ఎక్కడా రాసి లేకపోతే, ఎప్పటి నుంచి రాయిస్తారో చెప్పండి.

ఇట్లు,
ఒక పౌరురాలు