చిత్తు కాగితంలో తప్పులు చూసి కంగారు పడకండి

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల పేరెంట్స్ మీటింగులో ఏడో తరగతి పాప వాళ్ళ నాన్నగారు నాలుగు చిత్తు కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "మేడమ్, పాఠం అయిపోయిన పది రోజులకి అడిగితే సగం తప్పులే రాసింది. టీచరుగారు మార్కులు కూడా వెయ్యలేదు. ఇదేం స్లిప్ టెస్టండీ?" అన్నారు. చాలామంది మనసులో ఉన్న ప్రశ్నే అది. అందుకే ఈ నెల ఉత్తరం దాని గురించే రాస్తున్నాను.

అది టెస్టు కాదు. జూన్ నుంచి మా టీచర్లు పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు పుస్తకాలు మూయించి మూడు ప్రశ్నలు అడుగుతున్నారు. ఒకటి నిన్నటి పాఠంలోది, ఒకటి పోయిన వారానిది, ఒకటి పోయిన నెలది. పిల్లలు గుర్తు తెచ్చుకుని రాస్తారు. తర్వాత పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో వాళ్ళే దిద్దుకుంటారు.

ఎందుకిలా అంటే, అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు రోడిగర్, కార్పికీ 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలూ చదువుతూనే ఉన్నారు. ఇంకొందరు ఒక విడత చదివి, మిగతా మూడు విడతలూ చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్ళదే పైచేయి: వాళ్ళకు పాఠంలో 83 శాతం గుర్తుంది, రాసినవాళ్ళకు 71 శాతం. వారం తర్వాత అడిగితే చదివినవాళ్ళకు గుర్తున్నది 40 శాతం, రాసినవాళ్ళకు 61. మాకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంగా చెప్పింది మాత్రం చదివినవాళ్ళే! మన పిల్లలు కూడా అంతే. నాలుగోసారి చదివేటప్పుడు పాఠం గడగడా సాగిపోతుంది, "వచ్చేసిందమ్మా" అంటారు. అబద్ధం చెప్పడం కాదు, వాళ్ళకి నిజంగా అలాగే అనిపిస్తుంది.

మన పెద్దలు పాఠం అప్పజెప్పించుకునేది కూడా చూడకుండా చెప్పించడమే. కాకపోతే మేం మాటకు మాట అప్పజెప్పమనడం లేదు. "ఎండలో ఆరేసిన బట్టలు నూరు డిగ్రీలు వేడెక్కకుండానే ఎందుకు ఆరుతాయి?" అని అడుగుతాం. దానికి బట్టీ పట్టిన జవాబు సరిపోదు.

ఈ కాగితాలు పిల్లల కంటే మాకే ఎక్కువ నేర్పుతున్నాయి. ఆగస్టులో ఒక సెక్షన్‌లో సగానికి పైగా "మొక్కలు రాత్రిపూట మాత్రమే శ్వాసిస్తాయి" అని రాశారు. ఇంతమంది ఒకే తప్పు రాశారంటే లోపం పాఠం చెప్పిన తీరులో ఉందని టీచరే శనివారం మీటింగులో చెప్పి, తర్వాతి పీరియడ్‌లో ఆ పాఠం మళ్ళీ మొదటినుంచి చెప్పారు. నాకు చాలా గర్వంగా అనిపించింది.

లెక్కల హోంవర్కులో ఈ రోజు చెప్పినవి రెండే ఉండి, మిగతావన్నీ పాతవి ఎందుకని కూడా కొందరు అడిగారు. నేను ఇరవై రెండేళ్ళు లెక్కలు చెప్పాను. శంకువు (కోన్) అభ్యాసం జరిగిన వారంలో పిల్లలు అన్ని లెక్కలూ తప్పు లేకుండా చేసేవారు. వార్షిక పరీక్షలో గుడారానికి ఎంత గుడ్డ కావాలని అడిగితే, పక్కతల వైశాల్యం కట్టాల్సింది పోయి ఘనపరిమాణం కట్టి ఇచ్చేవారు. నిర్లక్ష్యమని తిట్టాను. ఏ సూత్రం వాడాలో ఎంచుకోవాల్సిన అవసరం ఆ అభ్యాసంలో వాళ్ళకి ఒక్కసారీ రానివ్వలేదని నాకప్పుడు తట్టలేదు. ఫ్లోరిడాలో ఏడో తరగతి పిల్లలతో రోరర్ అనే పరిశోధకుడి బృందం చేసిన ప్రయోగాల్లోనూ, వేర్వేరు రకాల లెక్కలు కలగలిపి చేసినవాళ్ళే తర్వాత పెట్టిన పరీక్షలో బాగా చేశారు.

మొదట్లో మేమూ పొరబడ్డాం. ఆరో తరగతిలో మరీ పాత పాఠాలు అడిగేసరికి ఇద్దరు పిల్లలు ఖాళీ కాగితం పట్టుకుని ఏడ్చారు. ఇప్పుడు ఆరో తరగతికి మాత్రం వారం దాటిన ప్రశ్న అడగడం లేదు.

ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. రాత్రి అన్నాలయ్యాక పుస్తకం మూయించి "ఈ రోజు సైన్సులో ఏం చెప్పారో నాకు చెప్పు" అనండి. మీకు ఆ పాఠం తెలియక్కర్లేదు, చదువు రాకపోయినా ఫరవాలేదు. బిడ్డ మధ్యలో ఆగితే వెంటనే అందించకండి, కాసేపు ఆలోచించనివ్వండి.

చిత్తు కాగితాల కట్ట ప్రతి శనివారం ఇంటికి వస్తుంది. సంతకం పెట్టేటప్పుడు ఎన్ని తప్పులున్నాయని లెక్కపెట్టకుండా, ఎర్ర పెన్నుతో దిద్దుకుందో లేదో చూడండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు