మన పండ్లతోటల రైతుల సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారాలు.

కిందటేడు నివేదిక చదువుతుండగానే సగంమంది భోజనాలకు లేచారు. అందుకే ఈసారి చెప్పుకోదగిన సంగతి ముందే చెబుతాను. లెక్కలు, కృతజ్ఞతలు తరువాత.

ఫిబ్రవరి చివర్లో మనం చేసిన రైలు ప్రయాణమే ఈ ఏడాది సంఘానికి పేరు తెచ్చిన పని. ఆలోచన మన ఉపాధ్యక్షురాలిది. మామిడి పూత చూడటానికి రైలెక్కడం ఏమిటని నవ్వినవారిలో నేనూ ఉన్నాను. పొద్దున్నే కొండ కింద శృంగవరపుకోటలో, అరకు మీదుగా కొండలెక్కి పోయే కిరండూల్ బండి ఎక్కాం. అద్దాల పెట్టెలో పర్యాటకులు, జనరల్ పెట్టెలో మనం. బొడ్డవర, శివలింగపురం, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస... స్టేషన్ పేరున్న పసుపు బోర్డు మీద సముద్రమట్టం నుంచి ఎత్తు కూడా రాసి ఉంటుందని, ఇన్నేళ్లుగా ఆ దారిన తిరుగుతున్నా, మనలో చాలామందికి అంతవరకు పట్టలేదు. ఒకరు ఎత్తు చదివితే ఒకరు రాశారు, మిగిలినవారు కిటికీల్లోంచి చెట్లు చూశారు. శృంగవరపుకోటలో మామిడి పిందె గోలీకాయంత ఉంది. పైకి వెళ్లేకొద్దీ బఠాణీ గింజంత, ఆపైన ఆవగింజంత అయింది. శిమిలిగుడలో ఇంకా పూతే. అక్కడి ఎత్తు 996.32 మీటర్లు.

120 మీటర్లు పైకి వెళితే మామిడి పూత సుమారు 4 రోజులు వెనకబడుతుందని ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన సముద్రతీరానికీ శిమిలిగుడకూ 33 రోజుల తేడా. మైదానం రైతుల కోసం అచ్చువేసిన పట్టిక చూసి, కొండమీది మన చెట్టుకు మొగ్గయినా రాకముందే, పూత రసం పీల్చే తేనెమంచు పురుగుకు మందు కొట్టినవారు ఇకనైనా ఆ పట్టికను పక్కన పెట్టాలి. ఆలస్యం వల్ల ధర కలిసొచ్చే మాట నిజమే. కింది కాయ అయిపోయాక మనది సంతకు వస్తుంది. కానీ మన కాయ ముదిరే వేళకు వానలు దిగుతాయి, వెంటే పండుఈగ.

టెంకలేని చిన్న కాయలు రాలిపోతున్నాయని, అది మందు లోపమని ముగ్గురు ఫిర్యాదు చేశారు. మందు లోపం కాదు. పూత వేళ రాత్రి చలి 15 డిగ్రీల కంటే దిగితే పుప్పొడి సరిగా పనిచేయదు, పిందె కట్టినా లోపల టెంక ఉండదు.

రెండో పని థర్మామీటర్లు. వెయ్యి మీటర్లు పైకి పోతే సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుందన్నది అందరికీ తెలిసిందే. అయితే మబ్బులేని డిసెంబరు రాత్రి ఈ లెక్క తలకిందులవుతుంది. బరువైన చల్లగాలి నీళ్లలాగే వాలు మీంచి జారి గెడ్డ (వాగు) ఒడ్డు పల్లంలో నిలుస్తుంది. పల్లంలో ఒకటి, నడికొండ వాలులో ఒకటి పెట్టి తెల్లవారుజామున చూశాం. వెచ్చగా ఉన్నది వాలే. పల్లంలో బొప్పాయి ఆకులు మాడి వేలాడాయి, పైన ఉన్న బొప్పాయికి ఏమీ కాలేదు. పల్లం భూమి మంచిదని బొప్పాయి, అరటి అక్కడే పెట్టేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఈ పనికి పేర్లు ఇచ్చినవారు పదకొండు మంది. చీకట్లో లేచి వచ్చినవారు ఇద్దరు. మిగతా తొమ్మండుగురికి చలి వేసిందేమో. చలిని కొలవడానికే కదా పిలిచింది! ఆ ఇద్దరూ పేర్లు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

కొబ్బరి మొక్కల సంగతి. 600 మీటర్లు దాటితే కొబ్బరి కాపు మీద ఆశ పెట్టుకోకూడదు. అయినా ఒక కార్యాలయం మైదానానికి పంచిన మొక్కలనే మన ఊళ్లకూ లారీలో పంపింది. మూడు ఉత్తరాలు రాశాం. జిల్లా అంతటికీ ఒకటే పథకమని నోటిమాటగా జవాబు వచ్చింది. ఆ పథకం వేసినవారిని శిమిలిగుడ బోర్డు కింద ఒక్కసారి నిలబెట్టాలని నా కోరిక.

అనాస పులుపని సంతలో బేరం తగ్గిస్తున్నారు. చల్లటి రాత్రులకు పులుపు విరగదు, అది మన సాగు తప్పు కాదు. పనసకు మన ఎత్తు ఇబ్బంది కాదు, లిచీకి శీతకాలపు చలి కావాలి కూడా. అవకాడో అడుగుతున్నవారు నర్సరీలో జాతి అడిగి తీసుకోండి. వెస్టిండీస్ జాతి పల్లపు ప్రాంతాలది. గ్వాటెమాలా జాతి పుట్టిందే కొండల్లో.

జమాఖర్చులు కోశాధికారి గోడకు అంటించారు. ఖర్చులో పెద్దవి టిక్కెట్లు, థర్మామీటర్లు, భోజనాలు. పెద్ద మిగులు లేదు, అప్పు లేదు. చందా బాకీలున్నవారు ఆ పట్టిక దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడాలని మనవి.

రైల్లో అందరికీ చింతపండు పులిహోర కట్టించిన సభ్యురాలి కుటుంబానికి, ఎత్తులు రాసిన హైస్కూలు విద్యార్థులకు, థర్మామీటరు పెట్టుకోనిచ్చిన ఇద్దరు రైతులకు, సమావేశానికి గది ఇచ్చిన పంచాయతీకి, కుర్చీలు మోసిన యువకులకు, ఈ నివేదిక టైపు చేసిన మా అమ్మాయికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

థర్మామీటర్లు రెండూ మా ఇంట్లో ఉన్నాయి. డిసెంబరు 1 నుంచి మళ్లీ చూడాలి. పేర్లు ఈ సమావేశంలోనే తీసుకుంటాం, ఈసారి ఇంటి తలుపు తట్టడానికి ఒప్పుకున్నవారివే.

కార్యదర్శి