చలికోటు కొనేముందు

సంపాదకులకు నమస్కారం.

అనంతపురం రోడ్ల పక్కన చలికోట్లు రాశులు పోసి అమ్ముతున్నారు. బరువు చూసి కొనకండి. వెచ్చదనమిచ్చేది కోటులో నిలిచే గాలి. గుప్పిట నొక్కి వదిలితే లోపలి పాలిస్టర్ దూది వెంటనే పొంగాలి. కుట్టుగీతలు మరీ ఎడంగా ఉంటే ఉతికేకొద్దీ దూది కిందికి జారి భుజాలు ఖాళీ అవుతాయి. అన్నింటికన్నా ముఖ్యం, జిప్పు వెనక గుడ్డపట్టీ. అది లేకుంటే తెల్లవారుజామున బండి మీద పాలకో, మార్కెట్ యార్డుకో పోయేవాళ్లకు ఎదురుగాలి నేరుగా రొమ్ముకు కొడుతుంది. మణికట్టు దగ్గర ఎలాస్టిక్ బిగువుగా ఉండాలి. స్వెటర్ మీద తొడిగి, చేతులు పైకెత్తి చూడండి.

ఉన్ని పేరుతో యాక్రిలిక్ అనే కృత్రిమ పోగు అంటగట్టడం మాత్రం అన్యాయం. ఒక పోగు కాల్చితే తేలిపోతుంది: ఉన్ని వెంట్రుక కాలిన వాసనతో పొడిబూడిదవుతుంది, యాక్రిలిక్ కరిగి గట్టి ఉండ కడుతుంది. దుకాణదారులు ఏ రకం పోగు ఎంత శాతమో చీటీ మీద తెలుగులో రాయాలి.

– ఒక దర్జీ, అనంతపురం