ట్రమడాల్ కార్డులో గర్భిణులకు తప్పు సలహా: కంపెనీకి ఫిర్యాదు

ఒంగోలు,
ప్రకాశం జిల్లా.

ఔషధ భద్రతా విభాగం అధిపతి గారికి,

విషయం: ట్రమడాల్–పారాసిటమాల్ నొప్పి బిళ్ళలపై మీరు పంచుతున్న తెలుగు కార్డును వెనక్కి తీసుకోవడం గురించి.

అయ్యా,

ఒంగోలు, చీమకుర్తి, టంగుటూరు మందుల షాపుల్లో మీ ప్రతినిధులు ఈ కార్డు ఇస్తున్నారు. అందులో గర్భిణుల కోసం రాసినవి రెండే మాటలు. "గర్భం అని తెలియగానే బిళ్ళ ఆపేయండి." "పుట్టిన బిడ్డకు వణుకు వస్తే వారంలో తగ్గుతుంది, తర్వాత ఏ ఇబ్బందీ ఉండదు." రెండూ ప్రమాదకరమైనవే.

పొగాకు గ్రేడింగులో పొద్దుగూకులూ వంగి కూర్చునే ఆడవాళ్ళు నడుం నొప్పికి వాడేది ఇలాంటి బిళ్ళలే. ఒక్కోదానిలో ట్రమడాల్ అనే ఓపియాయిడ్ (నల్లమందు తరహా నొప్పి మందు) 37.5 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 325 ఉంటాయి. వారాల తరబడి రోజూ మింగితే ఒళ్ళు దానికి అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా ఆపితే తల్లికి వాంతులు, విరేచనాలు, ఒళ్ళు నొప్పులు పట్టుకుంటాయి, కడుపులో బిడ్డ కూడా ఆ ఒత్తిడికి లోనవుతుంది. అందుకే డాక్టరు పర్యవేక్షణలో మోతాదు మెల్లగా తగ్గించాలి. మందుకు పూర్తిగా బానిసైన తల్లికి బుప్రెనార్ఫిన్ లేదా మెథడోన్ చికిత్స ఇస్తారు.

ఇక బిడ్డ సంగతి. తల్లి నుంచి అందే మందు పుట్టగానే ఆగిపోవడం వల్ల వచ్చే లక్షణాలు సాధారణంగా పుట్టిన 24 నుంచి 72 గంటల్లో బయటపడతాయి: వణుకు, కీచుమనే ఏడుపు, పాలు సరిగా పీల్చలేకపోవడం, ఆగని తుమ్ములు, పల్చటి విరేచనాలు. మామూలు కాన్పు అయితే అప్పటికే తల్లీబిడ్డా ఇంటికి చేరి ఉంటారు. ఇలాంటి బిడ్డకు ఓపియాయిడ్ ప్రభావాన్ని విరిచే నలోక్సోన్ మందు ఇస్తే ఫిట్స్ రావచ్చు. డాక్టర్లకు మీరిచ్చే పత్రంలోనూ ఆ హెచ్చరిక లేదు.

మాకు అన్నిటికన్నా బాధ కలిగించింది "తర్వాత ఏ ఇబ్బందీ ఉండదు" అన్న మాట. వణుకు తగ్గినంత మాత్రాన బిడ్డను ఇక చూడనక్కర్లేదనుకోకూడదు. ఓపియాయిడ్ల ప్రభావంలో పుట్టిన పిల్లల్లో మెల్లకన్ను, కనుగుడ్డు అదేపనిగా కదలడం ఎక్కువగా కనిపిస్తాయి. మాటలు ఆలస్యం కావడం, నిలకడగా కూర్చుని ఒక పని చేయలేకపోవడం బడి వయసులో తేలుతుంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో పుట్టగానే వణుకు లాంటి మందు ఆగిన లక్షణాలు చూపిన పిల్లలను బడి పరీక్షల దాకా గమనించి 2017లో ఫలితాలు ప్రచురించారు. మూడో తరగతికే వెనకబడ్డారు, ఏడో తరగతికి ఆ తేడా ఇంకా పెరిగింది.

ఇదంతా మందు ఒక్కదాని పనే అని మేము అనడం లేదు. తల్లి పొగ తాగడం, బిడ్డ తక్కువ బరువు, ఇంటి పరిస్థితులు కూడా అందులో కలిసి ఉంటాయి. నాలుగు రోజులు బిళ్ళ వేసుకున్న తల్లిని బెదరగొట్టమనీ అడగడం లేదు. కానీ నెలల తరబడి వాడిన తల్లి బిడ్డకు మొదటి ఏడాదిలోనే కంటి పరీక్ష చేయించాలి, 9, 18, 30 నెలల్లో ఎదుగుదల చూపించాలి. ప్రభుత్వ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పద్దెనిమిదేళ్ళ దాకా ఉచితంగా చూస్తారు. మీ కార్డు చదివిన తల్లి అక్కడికి ఎందుకు వెళ్తుంది?

కార్డును వెంటనే వెనక్కి తీసుకుని ఈ మాటలు వేయండి: "రోజూ వాడుతుంటే సొంతంగా ఆపొద్దు, డాక్టరుకు చూపించండి. కాన్పు చేసేవారికి ఈ బిళ్ళ పేరు చెప్పండి. బిడ్డను కనీసం మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచండి. బిళ్ళ వాడుతూ పాలివ్వాలంటే ముందు డాక్టరును అడగండి." బుప్రెనార్ఫిన్ మీద కుదురుకున్న తల్లులకు పాలు ఆపించనక్కర్లేదు, ఆ తేడా డాక్టర్ల పత్రంలో విడిగా రాయండి.

ట్రమడాల్ 2018 నుంచి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం కిందికి వచ్చింది, డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన హెచ్1 జాబితా మందు కూడా. చీటీ లేకుండా అమ్మకూడదనీ, అమ్మకాల రిజిస్టరు మూడేళ్ళు ఉంచాలనీ షాపులవాళ్ళకు మీ ప్రతినిధులే చెప్పాలి.

30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. లేకపోతే కార్డు నకలు జతచేసి ఔషధ నియంత్రణ శాఖకు ఫిర్యాదు చేస్తాం.

ఇట్లు,
నవజాత శిశు వార్డు, పిల్లల ఎదుగుదల క్లినిక్ సిబ్బంది

జత: కార్డు నకలు, రెండు వైపులా.