విడిభాగం పంపే ముందు ఇకపై కొన్ని ప్రశ్నలు అడుగుతాం

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండికి మా దుకాణంలో ఏదైనా భాగం ఆర్డరు చేస్తే, ఇకపై డబ్బు తీసుకునే ముందు కొన్ని ప్రశ్నలు అడుగుతాం. బండిలో కనిపిస్తున్న లక్షణం ఏమిటి? మీరు ఏమేం పరీక్షించారు? వదులు ఎక్కడ దొరికింది? ఫోటో ఉందా? జవాబులు కుదరకపోతే ఆ భాగం పంపం. ముందు ఏం చూడాలో చెబుతాం. దీనివల్ల అమ్మకం తగ్గుతుందని తెలుసు. కొంత తగ్గింది కూడా.

కారణం దాచాల్సిన పని లేదు. సరుకు బాగాలేదంటూ తిరిగివచ్చే పెట్టెలు విప్పి చూస్తే, చాలావాటిలో ఏ లోపమూ ఉండదు. భాగం బాగానే ఉంటుంది, జబ్బు బండిలో మరోచోట ఉంటుంది. ఒకసారి బిగించి విప్పిన ఆయిల్ సీలునో బేరింగునో మేము ఇంకొకరికి అమ్మలేం. రానూపోనూ రవాణా ఖర్చు మాకు పడుతుంది, మీ సెలవురోజు పోతుంది, బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

సొంతంగా బాగుచేసుకునేవారిని నిరుత్సాహపరచడం నా ఉద్దేశం కాదు. మా దుకాణం నడిచేదే మీవల్ల. పైగా నిచ్చెనలాంటి ఛాసిస్, కమాను కట్టలు, మొద్దు యాక్సిళ్లు ఉన్న పాత బండిని మించి సొంత మరమ్మతుకు లొంగే యంత్రం లేదు. కింద దూరడానికి చోటుంటుంది, దాదాపు ప్రతి నట్టుకూ పానా అందుతుంది, అరిగిపోయేవన్నీ కంటికి కనిపించేవో చెవికి వినిపించేవో. (ఆ నట్లలో సగం తుప్పుపట్టి కదలవన్నది వేరే సంగతి.)

మాకు ఎక్కువగా వచ్చే ఆర్డరు యాక్సిల్ ఆయిల్ సీలు. చక్రం లోపలి వైపు నూనె కారుతోంది కాబట్టి సీలు పోయిందని అనుకుంటారు. కొత్తది వేస్తారు, కొన్నాళ్లకు అదీ కారుతుంది. మేము అడిగే మొదటి ప్రశ్న: యాక్సిల్ పైన ఉండే బ్రీదర్ చూశారా? బండి నడిచేకొద్దీ యాక్సిల్ వేడెక్కి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. ఆ గాలి బయటికి పోవడానికి పెట్టిన చిన్న రంధ్రం బురదతో మూసుకుపోతే, పీడనం నూనెను సీలు పెదవి మీదుగా తోసేస్తుంది. వాగు దాటినప్పుడు దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. వేడిగా ఉన్న యాక్సిల్ చల్లటి నీటిలో మునగగానే లోపలి గాలి కుంచించుకుని, ఊపిరికి దారి లేక సీలు పక్కనుంచి నీటిని పీల్చుకుంటుంది. నూనె పాలలా తెల్లబడిందంటే లోపలికి నీరు చేరిందన్నమాట. అప్పుడు ఎన్ని సీళ్లు మార్చినా బేరింగులు తుప్పు పడుతూనే ఉంటాయి. బ్రీదరును విప్పి శుభ్రం చేయండి, లేదా దానికి ఒక గొట్టం తగిలించి ఇంజను గది పైభాగం దాకా తీసుకెళ్లండి. ఆ గొట్టం మీద మాకు మిగిలేది దాదాపు ఏమీ లేదు, అయినా ముందు అదే పంపుతాం. ఆ తరువాత కూడా కారితే సీలు ఆనే చోట షాఫ్టు మీద గోరు ఆడించి చూడండి. గోటికి గాడి తగిలిందంటే ఏ కంపెనీ కొత్త సీలూ అక్కడ నిలవదు.

రెండోది స్టీరింగు వణుకు. ఒక వేగం దగ్గర ముందు చక్రాలు రెండూ దడదడలాడతాయి, గుంత తగిలితే మరీను. వెంటనే స్టీరింగు డాంపరు (వణుకును అణిచే షాక్ అబ్జార్బరు లాంటి భాగం) కావాలంటారు. కొత్త డాంపరు వేస్తే కొన్నాళ్లు వణుకు తగ్గిన మాట నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. జ్వరం వస్తే థర్మామీటరు మార్చినట్టుంటుంది ఆ వైద్యం. అరిగింది స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్ కావచ్చు, యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్ బుష్ కావచ్చు, చక్రం మలుపు తిరిగే కీలు అయిన కింగ్ పిన్ బేరింగు కావచ్చు, చక్రం బ్యాలెన్సు తప్పి కూడా ఉండవచ్చు. పరీక్షకు పెద్ద సామగ్రి అక్కర్లేదు. బండిని నేల మీదే ఉంచి, ఇంజను ఆపి, ఒకరు స్టీరింగును అటూ ఇటూ కొద్దిగా తిప్పుతుంటే మరొకరు ప్రతి జాయింటు మీదా చెయ్యి వేసి చూడాలి. తరువాత ముందు చక్రాన్ని లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. వదులు తెలిస్తే మరొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. వదులు మాయమైతే అది చక్రం బేరింగుది. బ్రేకు తొక్కినా ఊగుతూనే ఉంటే కింగ్ పిన్నుదో బాల్ జాయింటుదో. ఈ ఒక్క పరీక్ష చేసి ఫోను చేసేవారితో మా సంభాషణ చాలా త్వరగా ముగుస్తుంది.

సెల్ఫ్ మోటారు నీరసంగా తిరిగితే ముందు బ్యాటరీ, తరువాత మోటారు మార్చేవారున్నారు. పాత బండిలో ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఉండే ఎర్త్ పట్టీని ఎవరూ చూడరు. మల్టీమీటరు ఒక కొస బ్యాటరీ నెగెటివ్ మీద, రెండో కొస ఇంజను ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే దోషం ఎర్త్‌లో ఉంది. తుప్పు గీకి, కొత్త పట్టీ బిగించండి.

ఒక చక్రం బ్రేకు పట్టేసి వదలడం లేదా? సిలిండరు ఆర్డరు చేసే ముందు ఆ చక్రం బ్లీడర్ నట్టు (బ్రేకు నూనె బయటికి వదిలేది) కొద్దిగా వదులు చేయండి. చక్రం వెంటనే తిరిగితే పీడనం లోపల చిక్కుకుపోయిందని అర్థం. చాలాసార్లు దోషి రబ్బరు బ్రేకు గొట్టమే. బయటికి బాగానే కనిపిస్తుంది, లోపలి పొర ఉబ్బి లేచి, తొక్కినప్పుడు నూనెను వెళ్లనిచ్చి తిరిగి రానివ్వదు. నట్టు వదులు చేసినా చక్రం కదలకపోతే సిలిండరో పిస్టనో బిగుసుకుపోయింది. అప్పుడు ఆర్డరు చేయండి, మారుమాట లేకుండా పంపుతాం. పనిలో పనిగా బ్రేకు నూనె కూడా మార్చండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేకు నూనె కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరగాలి, తేమ చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. పెద్ద దిగుడులో బ్రేకు తొక్కుతూ వచ్చే బరువైన బండికి ఈ తేడా చిన్నది కాదు. డాట్ 5 మాత్రం సిలికాన్ నూనె, దాన్ని డాట్ 4 వంటి వాటితో కలపకూడదు. అంకె పెద్దది కాబట్టి మంచిదని కొనేవారు ఇంకా ఉన్నారు. పాత వ్యవస్థను పూర్తిగా విప్పి శుభ్రం చేశామని చెబితే తప్ప దాన్ని అమ్మం.

గేరు నూనెలోనూ ఇదే అంకెల గారడీ. జీఎల్-4, జీఎల్-5 అనేవి గేరు నూనె రకాలు. జీఎల్-5లో తీవ్ర పీడనాన్ని తట్టుకునే గంధక, భాస్వర రసాయనాలు ఎక్కువ. డిఫరెన్షియల్‌లోని (యాక్సిల్ మధ్య ఉండి రెండు చక్రాలకూ శక్తిని పంచే పెట్టె) హైపాయిడ్ గేర్లకు, అంటే ఒకదానిపై ఒకటి జారుతూ తిరిగే వాలు పళ్ల గేర్లకు, అవి కావాలి. పాత గేరుబాక్సులోని ఇత్తడి సింక్రో రింగులకు (గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపేవి) మాత్రం అవి పడవు. బండి పుస్తకం జీఎల్-4 అని చెప్పిన చోట అదే పోయండి. ఇంకో మాట: పాత నూనె దించే ముందు, పోసే రంధ్రం మూత కదులుతుందో లేదో చూసుకోండి. దించేశాక పై మూత రాకపోతే, నూనె లేని గేరుబాక్సుతో బండి ఎక్కడికీ కదలదు.

ఇక ఆలస్యాల సంగతి. రబ్బరు సరుకు కోసం మీలో చాలామంది ఎదురుచూస్తున్నారు. ఇంతకాలం మాకు బుష్షులు, గొట్టాలు ఇచ్చిన సరఫరాదారు పంపిన చివరి సరుకులో పొట్లాలు కొత్తవి, లోపల రబ్బరు గట్టిపడినది. వంచి చూస్తే పగుళ్లు కనిపించాయి. మొత్తం తిప్పి పంపాం. కొత్త సరఫరాదారు తయారీ నెల ముద్రించిన సరుకే ఇస్తానన్నారు, అయితే నెమ్మదిగా వస్తుంది, ధర కూడా కాస్త ఎక్కువే. వాడకపోయినా రబ్బరుకు వయసు మీద పడుతుంది, అల్మారాలో ఉన్నంత మాత్రాన కొత్తదిగా ఉండిపోదు. మీ టైర్లకూ ఇదే వర్తిస్తుంది. పక్క గోడ మీద డాట్ అక్షరాల వరుస చివర ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. 2315 అంటే 2015లో 23వ వారం. ఆ చివర మూడే అంకెలుంటే టైరు 2000కు ముందుది, ట్రెడ్ ఎంత లోతుగా ఉన్నా తీసేయండి.

అన్ని బండ్లకూ ఒకే భరోసా ఇవ్వలేను. టయోటా లాండ్ క్రూజర్ 70 వరుస 1984లో మొదలై ఇంకా తయారవుతోంది, దాని భాగాలు దొరకడం పెద్ద సమస్య కాదు. పాత లాండ్ రోవర్ డిఫెండర్ తయారీ 2016లో ఆగినా, ఆ బండి ఏళ్ల తరబడి పెద్దగా మారకపోవడం వల్ల బయటి తయారీదారులు ఇంకా చేస్తున్నారు. తక్కువ సంఖ్యలో వచ్చి వెళ్లిపోయిన నమూనాలతోనే కష్టం. వాటికి లోపలి తలుపు పిడులు, అద్దాల రబ్బరు పట్టీల వంటివి మేము వెతకడం మానేస్తున్నాం. వెతుకుతామని చెప్పి నెలలు గడపడం కన్నా ఇదే మర్యాద.

కొన్ని సరుకులు అసలు అమ్మడం ఆపేశాం. వాడేసిన స్టీరింగు భాగాలు అందులో మొదటివి. పెద్ద లిఫ్ట్ కిట్లు కూడా. బండి ఎత్తు పెంచితే ముందు చక్రాలను నేరుగా నడిపించే వాలు, అంటే క్యాస్టర్ కోణం, తగ్గి బండి దారి తప్పుతుంది, యాక్సిల్‌కు శక్తి అందించే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం పెరిగి దాని కీళ్లలోని క్రాసులు అరుగుతాయి, బ్రేకు గొట్టాలు బిగుసుకుంటాయి. వీటన్నిటినీ సరిచేసుకునే ఓపిక ఉన్నవారు కిట్టు ఎక్కడైనా తెచ్చుకుంటారు. లేనివారికి మేము అమ్మకూడదు. ఛాసిస్‌లో తుప్పు తిన్న బండికైతే ఏ అలంకరణ సరుకూ అమ్మం. ముందు సుత్తితో కొట్టి చూడండి. గట్టి ఇనుము ఖణేల్‌మంటుంది, తిన్నది మందంగా మోగుతుంది. స్క్రూడ్రైవరు దిగిందంటే పని వెల్డరుది, మీదీ కాదు మాదీ కాదు. డిఫరెన్షియల్‌లో పళ్ల మధ్య ఎడం సరిచేయడం కూడా అంతే, కొలిచే పరికరాలు లేకుండా ఆ మూత విప్పవద్దు.

జాకీ గురించి ప్రతి ఆర్డరుతోనూ ఒక కాగితం పెడుతున్నాం, చదివి పారేయండి, చదవకుండా మాత్రం పారేయవద్దు. స్టాండ్లు లేకుండా కింద దూరకూడదన్నది అందరికీ తెలిసిందే. తెలియనిది ఇది: డిఫెండర్ వంటి కొన్ని బండ్లలో హ్యాండు బ్రేకు చక్రాలను కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనుక యాక్సిళ్లకు శక్తిని పంచే పెట్టె) వెనుక ఉన్న షాఫ్టును పట్టుకుంటుంది. వెనుక చక్రం ఒకటి లేపగానే డిఫరెన్షియల్ ఆ చక్రాన్ని స్వేచ్ఛగా తిరగనిస్తుంది, నేల మీదున్న చక్రం కూడా తిరగగలదు. హ్యాండు బ్రేకు వేసే ఉంటుంది, బండి కదిలిపోతుంది. మిగతా చక్రాలకు రెండు వైపులా దిమ్మలు పెట్టకుండా జాకీ ముట్టుకోవద్దు.

ఇప్పటికే డబ్బు కట్టిన ఆర్డర్లకు ఈ కొత్త పద్ధతి వర్తించదు, అవి వరుసలో వెళ్లిపోతాయి. దారిలో ఆగిపోయి ఫోను చేసేవారిని కూడా ప్రశ్నలతో విసిగించం. బేరింగు పుల్లర్లు, హబ్బు నట్టు సాకెట్లు, టార్క్ పానాలు ఇకనుంచి ధరావతు మీద అరువిస్తాం. ఒక్క పని కోసం వాటిని కొనుక్కోవడం దండగ. పెద్ద హబ్బు సాకెట్టు మాత్రం ప్రస్తుతం లేదు. మొహమాటం కొద్దీ ధరావతు అడగకుండా ఇచ్చినది ఇంకా తిరిగి రాలేదు. తీసుకెళ్లినవారు ఇది చదువుతూనే ఉంటారు, వరుసలో తరువాత ఉన్నవారి బండి స్టాండ్ల మీద నిలబడి ఉంది.